చిన్న ట్రాక్టరు స్రష్ట - హ్యారీ ఫెర్గూసన్

మహనీయుల జీవితాలను గురించి వ్రాయబూనినప్పుడు మన కలాలు సాధారణంగా కవుల వైపో, రాజనీతిజ్ఞుల వైపో, సంఘసంస్కర్తల వైపో మొగ్గుతాయి. నూనె మరకల చేతులతో జీవితం గడిపిన ఒక మెకానిక్కుకు ఇట్టి సంచికలలో చోటు లభించడం అరుదు. సాహిత్యం బోధించే మేము ఈ పనికి పూనుకొనడం చూచి మిత్రులు కొందరు ముక్కుమీద వేలు వేసుకొనవచ్చును. అయితే మా ఎదుట తరగతి గదులలో కూర్చొనే విద్యార్థులలో సేద్యపు కుటుంబాలనుండి వచ్చినవారు తక్కువేమీ కాదు. వారి ఇండ్లలో పంట ఖర్చు లెక్క వేసుకొనే రాత్రి ముందుగా వినవచ్చే మాటలలో డీజిలు ఒకటి. దుక్కికి ఎంత త్రాగింది, దమ్ముకు ఎంత త్రాగింది, బస్తాలు మార్కెట్టుకు చేర్చడానికి ఎంత త్రాగింది అన్న ప్రశ్నలపైననే ఆ ఏటి మిగులు ఆధారపడి ఉంటుంది. ఇట్టి ప్రశ్నలకు సమాధానం వెదకుటలో తన ఆయుష్షులో అధికభాగం వెచ్చించినవాడు ఐర్లండు దేశస్థుడైన హ్యారీ ఫెర్గూసన్.

అతడు 1884వ సంవత్సరం నవంబరు 4వ తేదీన, ఐర్లండు ఉత్తరభాగాన డౌన్ జిల్లాలోని గ్రోవెల్ అనే పల్లెలో, ఒక రైతు ఇంట జన్మించినాడు. పదకొండుగురు సంతానంలో అతడు నాలుగవవాడు. తండ్రి మిక్కిలి నిష్ఠాపరుడు, కఠినుడు. ఇంటి క్రమశిక్షణా, పొలంలో గుర్రాల వెంట నడిచే చాకిరీ, రెండూ ఆ కుర్రవానికి సరిపడలేదు. కెనడాకు వలసపోదామని ఒక దశలో తలపోసినాడు గాని, 1902లో బెల్‌ఫాస్టు నగరంలో సైకిళ్ళు, కార్లు బాగుచేసే దుకాణం నడుపుతున్న అన్న జో వద్ద పనికి చేరడంతో ఆ ప్రయాణం ఆగిపోయింది. పొలాన్ని ఏవగించుకొని పారిపోయిన ఈ బాలుడే తరువాత పొలానికి తన జీవితాన్ని ధారపోయడం విచిత్రం.

ఆ దుకాణంలో అతని చేతికి అసాధారణమైన నేర్పు అబ్బింది. చెవితో విని ఇంజను లోపం చెప్పగలవాడని పేరు వచ్చింది. మోటారు సైకిళ్ళ పందెములలో పాల్గొన్నాడు. విమానాల వ్యామోహం పట్టి స్వయంగా ఒకటి నిర్మించి, 1909 డిసెంబరు 31న హిల్స్‌బరో వద్ద దానిని గాలిలోకి లేపినాడు. అది ఎగిరినది 130 గజాలు మాత్రమే. అయినను ఐర్లండు గడ్డపై విమానం నడిపిన మొట్టమొదటివాడు అతడే. ఈ ప్రాణాంతకమైన సరదా అన్నకు నచ్చలేదు. అన్నదమ్ములు విడిపోయినారు. 1911లో హ్యారీ బెల్‌ఫాస్టులోని మే వీధిలో స్వంత వ్యాపారం పెట్టుకొన్నాడు. 1913లో మౌరీన్ వాట్సన్‌ను వివాహమాడినాడు. 1914లో ఐర్లండు స్వపరిపాలనకు వ్యతిరేకులైన వారు రహస్యంగా తుపాకులు దిగుమతి చేసికొన్నప్పుడు వారికి తోడ్పడినాడు కూడా. ఆ ఘట్టం అతని కీర్తికి వన్నె తెచ్చేది కాదని మా అభిప్రాయం. ఐనా దానిని దాచి పెట్టడం చరిత్రకు ద్రోహం.

అతని జీవితాన్ని మలుపు త్రిప్పినది మొదటి ప్రపంచ యుద్ధం. 1917లో జర్మను జలాంతర్గాములు సరకుల ఓడలను ముంచివేస్తుండగా బ్రిటిషు దీవులకు ఆహారం కరవైంది. బీడు భూములను సైతం సాగులోకి తేవలసివచ్చింది. ప్రభుత్వపు ట్రాక్టర్లు పల్లెలలో సరిగా పనిచేస్తున్నదీ లేనిదీ చూచి రావలసిన బాధ్యతను ఐర్లండు వ్యవసాయ శాఖ ఫెర్గూసన్‌కు అప్పగించింది. అతడు తన సహాయకుడైన విల్లీ సాండ్స్‌ను వెంటబెట్టుకొని ఊరూరా తిరిగినాడు. విల్లీ సాండ్స్ పేరును ఇక్కడ ప్రత్యేకంగా పేర్కొనడం న్యాయం. ఫెర్గూసన్ ఊహకు రూపం ఇచ్చిన చేతులు చాలాసార్లు సాండ్స్‌వే. కీర్తి మాత్రం యజమానికే దక్కింది.

ఆ పర్యటనలో వారు చూచినదేమి? ట్రాక్టరు వెనుక నాగలిని గొలుసుతోనో కొక్కెంతోనో తగిలించి, బండికి ఎద్దును కట్టినట్లు ఈడ్పించేవారు. అనగా గుర్రాన్ని తీసివేసి ఆ స్థానంలో ఇంజనును నిలిపినారే తప్ప, ఇంజనుకు తగిన నాగలిని ఎవరూ ఆలోచించలేదు. గుర్రానికి పనికివచ్చిన అమరిక యంత్రానికి రెండు విధాలుగా చేటు తెచ్చింది.

మొదటి చేటు ఇంధనానికి సంబంధించినది. ట్రాక్టరు ఇంజనులో కాలిన నూనెలోని శక్తి అంతా నాగలిని చేరదు. ఆ శక్తిలో ఎక్కువ భాగం వేడిగా మారి పొగగొట్టం ద్వారా, నీటి ద్వారా వెళ్ళిపోతుంది. నేటి మంచి డీజిలు ఇంజనులో సైతం మూడవ వంతుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే పనికివచ్చే బలంగా మారుతుంది. ఆ బలంలోనూ కొంత గేర్ల రాపిడిలో పోతుంది. కొంత ట్రాక్టరు తన బరువును తానే మోసికొంటూ మెత్తని నేలలో దొర్లడానికి పోతుంది. మరికొంత చక్రం పట్టు దొరకక జారడంలో పోతుంది. వదులు నేలలో ఇంజను ఇచ్చిన బలంలో సుమారు సగం మొదలు మూడింట రెండు వంతుల వరకే నాగలికి దక్కుతుంది. ఇందులో ఒక చిక్కు ఉన్నది. జారుడు తగ్గాలంటే చక్రాలమీద బరువు పెరగాలి. బరువు పెంచితే దొర్లడానికి నూనె ఎక్కువ కావాలి, నేల కూడా గట్టిపడుతుంది. బరువు తగ్గిస్తే చక్రం ఉన్నచోటనే తిరిగి నూనె వృథా అవుతుంది. నాటి తయారీదారులు ఈ చిక్కుకు కనుగొన్న ఉపాయం ఒక్కటే, ఇనుము పెంచడం. బరువైన ట్రాక్టరు పెద్ద కమతాలకు చెల్లింది గాని, ఐర్లండు కొండవాలులలోని చిన్న చిన్న మళ్ళలో అది తెల్ల ఏనుగే అయినది.

రెండవ చేటు ప్రాణాలకు. గొలుసుతో కట్టిన నాగలి భూమిలోని బండకో, చెట్టు వేరుకో తగులుకొన్నప్పుడు వెనుక చక్రాలు కదలలేవు. ఇంజను మాత్రం ఆగదు. ఫలితంగా ట్రాక్టరు ముందు భాగం ఇరుసు చుట్టూ పైకి లేచి, రెప్పపాటులో వెనుకకు తిరగబడి, డ్రైవరు దానిక్రింద నలిగిపోయేవాడు. 1917లో వచ్చిన హెన్రీ ఫోర్డు వారి ఫోర్డ్‌సన్ ట్రాక్టరు చవుకగా లక్షల సంఖ్యలో రైతులకు అందింది గాని, ఈ విధంగా ఎందరి ప్రాణాలనో బలిగొన్నది కూడా.

ఫెర్గూసన్ గొప్పతనమంతా ఈ రెండు చేటులకు మూలం ఒక్కటేనని గుర్తించడంలో ఉన్నది. నాగలీ ట్రాక్టరూ వేర్వేరు వస్తువులుగా ఉన్నంతకాలం ఈ బాధ తప్పదు. రెండింటినీ ఒకే దేహంగా చేయాలి. ఈ ఆలోచన పరిపక్వమగుటకు సుమారు పదిహేనేండ్లు పట్టింది. మొదట రెండు కడ్డీల అమరిక, తరువాత హైడ్రాలిక్ లిఫ్టు, చివరకు మూడు కడ్డీల అమరిక వచ్చినవి. 1926లో అతడు పొందిన పేటెంటు ఈ పరిణామంలో కీలకమైనది.

దాని పనితీరును వీలైనంత సులభంగా చెప్పుటకు యత్నిస్తాము. క్రింది రెండు కడ్డీలు నాగలిని లాగుతాయి. కర్రుకు నేల ఎదురు తన్నడంవల్ల నాగలి ముందుకు బోర్లపడజూస్తుంది. అప్పుడు పైకడ్డీ ట్రాక్టరును ముందుకు నెడుతుంది. ఆ నెట్టుడువల్ల ముందు చక్రాలు నేలను వదలిపెట్టవు. పైకడ్డీ మొదట్లో ఒక స్ప్రింగు ఉంటుంది. నేల గట్టిపడి లాగుడు పెరిగితే ఆ స్ప్రింగు నొక్కుకొని హైడ్రాలిక్ కవాటాన్ని కదిలిస్తుంది. లిఫ్టు నాగలిని రవ్వంత పైకెత్తుతుంది. ఎత్తిన మేరకు నాగలి బరువూ, దానిమీద పడ్డ మట్టి బరువూ వెనుక చక్రాలమీదికి వస్తాయి. అనగా పని బరువెక్కినప్పుడు ట్రాక్టరు బరువెక్కుతుంది, పని తేలికైనప్పుడు ట్రాక్టరూ తేలికవుతుంది. అక్కరలేనప్పుడు మోయవలసిన ఇనుము లేదు. ఇక నాగలి బండకు తగిలితేనో, హైడ్రాలిక్ ఒత్తిడి ఒక్కమారుగా విడుదలై చక్రాలపై బరువు తగ్గి, అవి ఉన్నచోటనే తిరుగుతాయి. డ్రైవరు క్లచ్చి నొక్కి బ్రతికి బయటపడతాడు.

దీనివలన ఇంధనం ఎంత ఆదా అవుతుందన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఫెర్గూసన్ కంపెనీ ప్రచారకులు తమ పద్ధతి సర్వరోగ నివారిణి అన్నట్లు మాట్లాడేవారు. నిజం అంత సరళం కాదు. ఒకే ట్రాక్టరు వేర్వేరు పనులలో వేర్వేరుగా త్రాగుతుంది. ఇరవైయైదు గుర్రాల శక్తిగల చిన్న డీజిలు ట్రాక్టరు పూర్తి బరువున పనిచేసేటప్పుడు గంటకు సుమారు 5 లీటర్లు ఖర్చు చేస్తుంది. ఎకరం లెక్కన చూస్తే, రెక్కనాగలితో లోతుగా దున్నడానికి సుమారు 6, 7 లీటర్లు, పండ్లగొర్రు వంటి పై పనికి 2, 3 లీటర్లు, మందు చల్లడానికి అర లీటరు మాత్రమే పట్టవచ్చును. నేల స్వభావం, తేమ, లోతు ఈ అంకెలను అటూ ఇటూ జరుపుతాయి. లోతు పెరిగేకొద్దీ లాగుడు పెరుగుతుంది గనుక అవసరానికి మించిన లోతు అంటే నూనెను మట్టిలో పోసినట్లే.

దుక్కిలో ఫెర్గూసన్ పద్ధతి నిజంగా ప్రయోజనకారి. చక్రాల జారుడు నూటికి 10 నుండి 15 వంతులవరకు ఉండటం సహజం. అది దాటితే ప్రతి వంతూ నష్టమే. చిన్న ట్రాక్టరు జారుడును ఈ హద్దులో నిలుపగలిగినది అతని అమరికే. కాని ట్రాలీ లాగేటప్పుడు ఆ స్ప్రింగుకు పని లేదు. అక్కడ రోడ్డు ఎత్తుపల్లాలూ, టైర్ల గాలీ, బస్తాల సంఖ్యా లెక్కలోకి వస్తాయి. నిలిచిన చోటనుండి పంపునో, నూర్పిడి యంత్రాన్నో తిప్పేటప్పుడు చక్రాలు కదలనే కదలవు గనుక అంతా ఇంజను సామర్థ్యంమీదనే ఆధారపడుతుంది. మన వరిమళ్ళలో దమ్ము చేసేటప్పుడు బురద పట్టు ఇవ్వదు. అందుకే మన రైతులు ఇనుప కేజివీల్స్ తగిలిస్తారు. ఐర్లండు మెట్ట నేలలలో పుట్టిన స్ప్రింగు ఒక్కటే అక్కడ చాలదు.

తేలిక పనులలో మరొక మర్మం ఉన్నది. ఇంజను పూర్తి వేగంతో తిరుగుతూ ఏ పనీ చేయకున్నా, పూర్తి పనికి త్రాగే నూనెలో సుమారు మూడవ వంతు త్రాగుతుంది. అందుచేత పెద్ద ట్రాక్టరుతో చిన్న పని చేయడం పెండ్లి పొయ్యిమీద గ్లాసెడు టీ కాచడం వంటిది. చిన్న కమతంలో ఏడాది పొడవునా జరిగే పనులలో గొర్రు తోలడం, కలుపు తీయడం, బండి లాగడం వంటి తేలిక పనులే ఎక్కువ. లోతు దుక్కి ఏటికి కొద్ది దినాలే. పెద్ద ట్రాక్టరు ఆ కొద్ది దినాలకోసం తక్కిన దినాలన్నీ అధికంగా త్రాగుతుంది. చిన్న ట్రాక్టరుకు ఆ కొద్ది దినాల బలాన్ని సమకూర్చి పెట్టడమే ఫెర్గూసన్ సాధించిన అసలైన పొదుపు అని మేము భావిస్తున్నాము. అతని ప్రచారకులు ఈ మాటను గట్టిగా చెప్పి ఉండవలసినది.

ఇంత మంచి ఆలోచన రైతు చేతికి అందడానికి మాత్రం ఎన్నో తలుపులు తట్టవలసివచ్చింది. ఫోర్డ్‌సన్‌కు తగిన నాగళ్ళను అతడు అమెరికాలో తయారు చేయించి అమ్ముతుండగా, 1928లో ఫోర్డు అక్కడ ఆ ట్రాక్టరు తయారీనే మానివేసినాడు. ఇక తానే ట్రాక్టరు నిర్మించక తప్పదని ఫెర్గూసన్ నిశ్చయించినాడు. 1933లో బెల్‌ఫాస్టులో తయారైన నల్లరంగు నమూనా నేటికీ లండను సైన్సు మ్యూజియం సొత్తుగా ఉన్నది. 1936లో డేవిడ్ బ్రౌన్ అనే గేర్ల తయారీదారుతో కలసి అమ్మకానికి దిగినాడు. ఫోర్డ్‌సన్ ధర తక్కువ. ఫెర్గూసన్ ట్రాక్టరుకు నాగలీ గొర్రూ కూడా ప్రత్యేకంగా కొనాలి. దాదాపు 1,350 మాత్రమే తయారైనవి. నమూనాను మార్చాలని బ్రౌన్, మార్చరాదని ఫెర్గూసన్ పట్టుబట్టి విడిపోయినారు.

1938 అక్టోబరులో అతడు తన ట్రాక్టరును ఓడపై అమెరికా చేర్చి, డియర్‌బోర్న్‌లో వృద్ధుడైన హెన్రీ ఫోర్డు ఎదుట దున్ని చూపినాడు. ప్రక్కనే వేరే ట్రాక్టర్లు కూడా దున్నినవి. ఫోర్డు ముగ్ధుడైనాడు. పొలంలోకి బల్ల తెప్పించుకొని కూర్చున్న ఆ ఇద్దరూ కాగితం వ్రాసుకొనలేదు, సాక్షులను పిలువలేదు. చేతిలో చేయి వేసికొన్నారు, అంతే. ఫెర్గూసన్ ఆలోచన, ఫోర్డు కర్మాగారం. 1939 జూన్‌లో వెలువడిన ఫోర్డు-ఫెర్గూసన్ ట్రాక్టరు 1947 నాటికి మూడు లక్షలు దాటింది. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో 1919 నాటి చట్టం ప్రకారం ప్రతి ట్రాక్టరు లాగుడునూ ఇంధన వ్యయాన్నీ ప్రభుత్వ విశ్వవిద్యాలయం కొలిచి ప్రకటించేది. 1940లో ఈ ట్రాక్టరు కూడా ఆ పరీక్షకు నిలిచింది.

కాగితం లేని మాట ఇద్దరు వృద్ధుల మధ్య చెల్లింది గాని, తరువాతి తరానికి చెల్లలేదు. మనుమడైన రెండవ హెన్రీ ఫోర్డు అధికారంలోకి రాగానే లెక్కలు చూచి ఒప్పందాన్ని రద్దుచేసినాడు. 1947లో అదే హైడ్రాలిక్ అమరికతో స్వంత ట్రాక్టరును విడుదల చేసినాడు. ఫెర్గూసన్ 25 కోట్ల డాలర్లకు పైబడి దావా వేసినాడు. నాలుగేండ్లకు పైగా నడిచిన ఆ వ్యాజ్యం 1952 ఏప్రిలులో 92 లక్షల 50 వేల డాలర్ల పరిహారంతో రాజీ అయినది. ఒంటరి మనిషి అంతటి సంస్థతో తలపడి ఆ మాత్రం సాధించడం సామాన్యం కాదని లోకం మెచ్చుకొన్నది. అతని ఆరోగ్యం మాత్రం దెబ్బతిన్నది.

ఈలోగా 1946లో ఇంగ్లండులోని కొవెంట్రీ నగరంలో స్టాండర్డు మోటారు కంపెనీ అతని కొత్త ట్రాక్టరును తయారు చేయసాగింది. టి.ఇ.-20 అని దాని పేరు. బూడిద రంగుతో, సుమారు 1,130 కిలోల బరువుతో ఉన్న ఆ చిన్న యంత్రం 1956 వరకు అయిదు లక్షలకు పైగా వెలువడింది. యుద్ధానంతరం బ్రిటనులో పెట్రోలుకు కోటా ఉండెను. అందుచేత 1949లో కిరోసిను జాతికి చెందిన చౌక నూనెతో నడిచే రకం తెచ్చినారు. పెట్రోలుతో మొదలుపెట్టి, ఇంజను వేడెక్కిన తరువాత నూనెకు మార్చాలి. దుక్కిలో అది చక్కగా నడిచేది. తేలిక పనిలో ఇంజను చాలినంత వేడెక్కక, కాలని నూనె దిగువకు జారి ఇంజను ఆయిలును పలుచన చేసేది. చౌక నూనె ఏ పనికి చౌక, ఏ పనికి కాదు అన్నది రైతులు అనుభవంతో నేర్చుకొన్నారు. డీజిలు రకం 1951లో వచ్చింది.

మనిషిగా ఫెర్గూసన్‌తో వేగడం కష్టం. మచ్చలేని శుభ్రత కావాలి, ప్రతి వస్తువూ తన చోటనే ఉండాలి. ఆ పట్టుదల రైతుకు మేలే చేసింది. ట్రాక్టరునూ పనిముట్లనూ సరిచూచుటకు పెట్టెడు సామగ్రి అక్కరలేకుండా చేసినాడు. అతని పేరుగల పానా మీద అంగుళాల గీతలుండి కొలబద్దగా కూడా పనికివచ్చేది. చిన్న కంచెకట్టిన దడిలో ట్రాక్టరును త్రిప్పి మూలమూలలా దున్ని చూపడం అతనికి ఇష్టమైన ప్రదర్శన. లండనులోని క్లారిడ్జెస్ హోటలు మెట్లమీదుగా ట్రాక్టరును నడిపించి పెద్దమనుషులను హడలగొట్టినాడట. దుక్కిగుర్రం పని ఉన్నా లేకున్నా పొలంలో పండినదే తింటుందనీ, ట్రాక్టరు పని ఉన్నప్పుడే తింటుందనీ, గుర్రం తినే నేలను మనిషికి తిరిగి ఇస్తే ఆహారం చవుక అవుతుందనీ అతడు పదే పదే వాదించేవాడు. ఎరువునిచ్చే పశువుకూ నూనె కొనిపించే యంత్రానికీ గల తేడాను అతడు తక్కువగా తలచినాడేమో అని మాకు తోస్తుంది.

1953లో తన సంస్థను కెనడాకు చెందిన మాసీ-హారిస్‌లో కలిపివేసినాడు. ధరలో పది లక్షల డాలర్ల తేడా వస్తే నాణెం ఎగురవేసి తేల్చుకొన్నారు. ఫెర్గూసన్ ఓడిపోయినాడు, చలించలేదు. మరుసటి ఏడే ఆ సంస్థనుండి తప్పుకొన్నాడు. అతని ట్రాక్టర్లు మాత్రం ఊహించని చోటులకు పోయినవి. ఎవరెస్టు విజేత ఎడ్మండ్ హిల్లరీ ఫెర్గూసన్ ట్రాక్టర్లపై మంచు ఎడారిని దాటి 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరినాడు. మెత్తని మంచులో ట్రాక్టరు కూరుకొన్నకొద్దీ నూనె లెక్క తలక్రిందులై, సామాను కొంత దారిలో వదలివేయవలసివచ్చింది. ధ్రువం చేరేసరికి పీపాలలో మిగిలిన ఇంధనం బహుస్వల్పం.

చివరి సంవత్సరాలలో అతడు కార్లకు నాలుగు చక్రాల చోదకశక్తిని అమర్చే పరిశోధన చేయించినాడు. చక్రం జారరాదన్న పాత తపనే అది. అంతరంగంలో మాత్రం దీర్ఘకాలంగా దిగులూ, నిద్రలేమీ అతనిని వేధించినవి. 1960 అక్టోబరు 25న ఇంగ్లండులోని తన గృహంలో మితిమీరిన నిద్రమాత్రల ప్రభావంతో మరణించినాడు. అది ప్రమాదమో, తానుగా చేసికొన్నదో విచారణ తేల్చలేదు. 1961లో అతని సంస్థ నిర్మించిన నాలుగు చక్రాల చోదకశక్తిగల పందెపు కారు ఓల్టన్ పార్కులో జరిగిన పోటీలో నెగ్గింది. చూచుటకు అతడు లేడు.

అతడు మరణించిన 1960వ సంవత్సరమే మద్రాసులో టాఫే సంస్థ వెలసింది. మాసీ-ఫెర్గూసన్ సహకారంతో అది తయారుచేసిన ట్రాక్టర్లు తెలుగు పల్లెలకు చేరినవి. మన రైతు నేడు ఏ కంపెనీ ట్రాక్టరు ఎక్కినా దాని వెనుక ఉండేవి ఆ మూడు కడ్డీలే. ఆ కొలతలకు అంతర్జాతీయ ప్రమాణం కూడా ఏర్పడింది. డ్రైవరు కుడిచేతి ప్రక్కన సాధారణంగా రెండు లివర్లుంటాయి. ఒకటి పనిముట్టు ఎత్తును నిలుపుతుంది. రెండవది లాగుడును బట్టి లోతును సర్దుతుంది. పొలానికి వెళ్ళినప్పుడు మా విద్యార్థులు ఆ రెండవదానిని కదిపి, గట్టినేల వచ్చినచోట నాగలి తనంత తాను రవ్వంత లేచి మరల దిగడం ఒకసారి గమనించవలెనని మా కోరిక.